వానకాలపు బోనం, ఎండకాలపు కుండ

శ్రీరాంపూర్ బొగ్గుబాయిల ఊరు. ఇప్పుడు మంచిర్యాల జిల్లాలో ఉంది. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. గోదావరికి ఉత్తరాన, సింగరేణి కాలనీల మధ్య, ఆర్కే-5, ఆర్కే-6, ఆర్కే-7 అని అంకెలతో పిలుచుకునే గనుల చుట్టూ పెరిగింది. బాయిపని కోసం చుట్టుపక్కల పల్లెల నుంచి, నది అవతలి కరీంనగర్ పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. వాళ్లు వస్తూ తమ ఊరి పండగలను కూడా వెంట తెచ్చుకున్నారు. వానకాలం వచ్చిందంటే ఈ కాలనీల్లో గ్రామదేవత పోచమ్మకు బోనాలు తీస్తారు.

బోనం అంటే అమ్మవారికి పెట్టే భోజనం. కొత్త మట్టికుండలో అన్నం వండుతారు. కొన్ని ఇళ్లలో అందులో బెల్లం వేస్తారు, కొన్ని ఇళ్లలో పెరుగు కలుపుతారు. కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు, సున్నం చుక్కలు పెట్టి, మెడకు వేపమండలు కడతారు. దాని మూతిమీద చిన్న కుండ (గురిగి) నిలిపి, ఆపైన దీపం వెలిగిస్తారు. ఆడవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకొని డప్పుల చప్పుడు మధ్య గుడికి నడుస్తారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండగగా ప్రకటించింది. అప్పటి నుంచి ఈ కుండ బొమ్మ గోడల మీద, బ్యానర్ల మీద, టీవీ తెరల మీద కనిపిస్తూనే ఉంది. బొమ్మ ఇంతగా పెరిగిన కాలంలోనే అసలు మట్టికుండ తగ్గుతోంది. దాని చోటికి ఇత్తడి బిందె, స్టీలు బిందె, ఎనామిల్ రంగు పూసి అమ్మే కుండ వస్తున్నాయి.

ఇలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే ముందు ఆ కుండ ఎలా పనిచేస్తుందో తెలియాలి. మట్టి నుంచి మొదలుపెడదాం.

కుమ్మరికి కావలసింది చెరువు అడుగున పేరుకున్న ఒండ్రుమట్టి. దాని రేణువులు కంటికి కనబడనంత సన్నని పలకలు. నీళ్లు తగిలితే ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే తడిమట్టి వేలు లాగిన వైపుకు సాగుతుంది, వేలు తీసేశాక ఆ ఆకారంలోనే నిలుస్తుంది. అయితే ఒట్టి ఒండ్రుతో చేసిన కుండ ఆరేటప్పుడు బాగా ముడుచుకొని పగిలిపోతుంది. దీన్ని ఆపడానికి ఇసుక, బూడిద, పేడ వంటివి కలిపి కాళ్లతో తొక్కుతారు. ఇసుక ముడుచుకోదు కాబట్టి పగులును అడ్డుకుంటుంది. పేడ మంటలో కాలిపోయి, కుండ గోడలో సన్నని రంధ్రాలు మిగులుస్తుంది. ఈ రంధ్రాలను గుర్తుంచుకోండి. మిగతా కథలో చాలాభాగం వాటి చుట్టే తిరుగుతుంది.

సారె (కుమ్మరి చక్రం) మీద కుండ పూర్తిగా తయారుకాదు. మూతి, మెడ, దళసరి గోడ మాత్రమే అక్కడ లేస్తాయి. కాస్త ఆరాక లోపల గుండ్రటి రాయి ఆనించి, బయట చెక్క పలకతో కొడుతూ గోడను పలచన చేస్తారు, అడుగును మూసి గుండ్రంగా చేస్తారు. కుండకు ఆ గుండ్రని అడుగు ఊరికే రాలేదు. మూలలు లేని గోడ వేడికి అన్ని వైపులా సమంగా వ్యాకోచిస్తుంది. మూల ఉంటే బిగువంతా అక్కడ చేరి కుండ చీలుతుంది. పొయ్యి మీది మూడు రాళ్ల మధ్య అది కుదురుగా కూర్చుంటుంది. నెత్తిమీద చుట్ట కుదురులో కూడా అంతే.

తరువాత కాల్చడం. ఎండిన కుండలను పేర్చి, కట్టెలు, పిడకలు, గడ్డి సర్ది, పైన మట్టి మెత్తి నిప్పుపెడతారు. దీన్ని ఆవం అంటారు. ఇలాంటి ఆవంలో వేడి సుమారు 600 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ దాకా వెళుతుంది. మొదట, 100 డిగ్రీల దగ్గర, మట్టిలో మిగిలిన తడి ఆవిరవుతుంది. అసలు మార్పు 450 డిగ్రీలు దాటాక మొదలవుతుంది. మట్టి రేణువుల నిర్మాణంలోనే కట్టుబడి ఉన్న నీరు అప్పుడు విడిపోతుంది. ఆ నీరు పోయాక మట్టి మళ్లీ బురద కాలేదు. అప్పటిదాకా ఎన్నిసార్లు తడిపినా అది మట్టే. ఆ గీత దాటితే అది కుండ.

ఈ గీత ఎంత ముఖ్యమో మన ఆచారానికి బాగా తెలుసు. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహాకాళి గుడిలో బోనాల మర్నాడు రంగం (భవిష్యవాణి చెప్పే తంతు) జరుగుతుంది. చెప్పే స్త్రీ నిలబడేది పచ్చికుండ మీద. అంటే ఎండిందే గానీ కాలని కుండ. మనిషి బరువును మోయడానికి అన్నిటికన్నా బలహీనమైన పాత్ర అదే. బోనానికి కాలిన కుండ కావాలి, రంగానికి కాలనిది కావాలి. రెండిటినీ ఇచ్చేది కుమ్మరే.

కుండ ఎరుపు రంగు ఇనుము నుంచి వస్తుంది. చెరువుమట్టిలో ఇనుము కొద్దిగా ఉంటుంది. ఆవంలోకి గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది. గాలి అందకుండా పొగ పట్టనిస్తే నల్లబడుతుంది. ఒకే కుండలో సగం నలుపు, సగం ఎరుపు వచ్చేలా కాల్చడం దక్కనులో ఇనుప యుగం నాటికే తెలుసు. రాక్షసగుళ్లని జనం పిలుచుకునే బృహత్‌శిలా సమాధుల్లో అలాంటి కుండలు దొరుకుతాయి. అంటే చావు తంతులో కుండలు పెట్టడం ఈ నేల మీద రెండువేల ఏళ్లకు పైబడిన అలవాటు.

ఇప్పుడు అలంకారం. బోనం కుండకు వాడే రంగులు ప్రధానంగా మూడు: పసుపు, సున్నం, జాజు (ఎర్రమట్టి). కుంకుమ పసుపు నుంచి పుట్టేదే. ఈ మూడూ మూడు రకాలుగా పనిచేస్తాయి.

పసుపును నీళ్లతో కలిపి పూసినప్పుడు కుండగోడ రంధ్రాలు నీటిని పీల్చుకుంటాయి. పసుపు రేణువులు పైన చిక్కుకుంటాయి. జిగురు అక్కరలేదు. రెండు నిమిషాల్లో పూత పట్టేస్తుంది. కానీ పసుపులోని రంగు పదార్థం ఎండకు తాళలేదు. కొన్ని రోజులు వెలుతురులో ఉంచితే వెలిసిపోతుంది. సున్నం సంగతి దీనికి తలకిందులు. పూసినప్పుడు పలచగా, మసకగా కనిపిస్తుంది. ఆరేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. తెల్లదనం పెరుగుతుంది, వానకు కూడా అంత సులువుగా పోదు. జాజులో ఉన్నది ఇనుపతుప్పు. కుండను ఎర్రగా చేసిన పదార్థమే. ఎండకు వెలిసిపోదు. అలికిన అరుగు మీదా, గడప పక్కనా జాజు పట్టీ కనిపించేది అందుకే.

ఇంకో ముచ్చట. పసుపు పూత తడిగా ఉండగానే సున్నం చుక్క పెడితే చుక్క అంచు ఎర్రబడుతుంది. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. పారాణి కలిపే ప్రతి ఇంట్లోనూ ఈ రసాయనశాస్త్రం తెలిసినదే. రెండు రంగులతో మూడో రంగు కుండ మీదే పుడుతుంది. బోనం అలంకరించే అమ్మలు పసుపు ఎంత తడిగా ఉన్నప్పుడు చుక్క పెట్టాలో చేతి అంచనాతో చెప్పగలరు. నా దృష్టిలో ఇది నైపుణ్యమే. కుమ్మరి చేతి నైపుణ్యానికి దొరికిన గుర్తింపులో పావువంతు కూడా దీనికి దొరకలేదు.

అలంకరించేది ఎవరన్నది సందర్భాన్ని బట్టి మారుతుంది. బోనం కుండ కుమ్మరి ఇంటి నుంచి ఉత్తదిగా వస్తుంది. దాన్ని అమ్మవారి కుండగా మార్చేది ఆ ఇంటి ఆడవాళ్లు. పెళ్లిలో అలా కాదు. ఐరేని కుండలు (పెళ్లిలో పూజించే చిత్రించిన కుండలు) కుమ్మరి ఇంట్లోనే రంగులు అద్దుకుంటాయి. పెళ్లివారి ఆడవాళ్లు మేళంతో కుమ్మరి ఇంటికి వెళతారు. బియ్యం, పసుపు, కుంకుమ, బట్ట పెట్టి, కుండలను నెత్తిన ఎత్తుకొని, పైన ఉల్లెడ (నలుగురు పట్టుకునే గుడ్డ పందిరి) పట్టించుకొని ఊరేగింపుగా తెస్తారు. బజారులో డబ్బిచ్చి కొనడానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ కుమ్మరి ఇల్లు పెళ్లి తంతులో ఒక మెట్టు. ఆ మెట్టు ఎక్కకుండా పెళ్లి ముందుకు కదలదు. చాలా ఊళ్లలో పోచమ్మకు పూజారి కూడా కుమ్మరే. కుండ చేసేదీ ఆయనే, ఆ కుండలోని అన్నాన్ని అమ్మవారి ముందుకు చేర్చేదీ ఆయనే.

ఈ సంబంధం ఎంత గట్టిగా ఉండగలదో చూడాలంటే శ్రీరాంపూర్ నుంచి వాయవ్యానికి, ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్ వైపు చూడాలి. అక్కడ పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. గోండులలోని మెస్రం వంశీయులు దాన్ని నడుపుతారు. జాతర పనులు కుండలతోనే మొదలవుతాయి. వంశ పెద్దలు ముందుగా ఎడ్లబండి మీద సిరికొండకు వెళ్లి అక్కడి ఒక కుమ్మరి ఇంట్లో కుండలు చేయమని చెబుతారు. ఎవరి దగ్గరైనా కొనరు. తరతరాలుగా ఆ వంశానికి ఆ కుమ్మరి ఇల్లే. తరువాత కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తలమడుగుకు వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. ఈ చోటు మంచిర్యాల జిల్లాలోనే ఉంది. శ్రీరాంపూర్ పక్కన పారే గోదావరి, అక్కడికి వచ్చేముందు నాగోబా అభిషేకానికి నీళ్లిచ్చి వస్తుందన్నమాట. అమావాస్య రాత్రి మహాపూజ అవుతుంది. జాతరలో వంశపు ఆడపడుచులు కొత్త కుండల్లో కోనేటి నీళ్లు తెస్తారు. ఆ నీళ్లతో మట్టి కలిపి, అల్లుళ్లతో కలిసి పుట్ట కడతారు. కుండలో తెచ్చిన నీళ్లతో మట్టి దేవస్థానం తయారవుతుంది.

నాగోబా జాతరను బయటి ప్రపంచానికి పరిచయం చేసిన పేరు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్. 1940లో జోడేఘాట్‌లో గోండుల పోరాట నాయకుడు కుమ్రం భీం మరణించాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆయన సాయం తీసుకుంది. ఆ దశకంలోనే జాతరలో దర్బారు (అధికారులు గిరిజనుల సమస్యలు వినే సభ) మొదలైంది. అప్పటి నుంచి జాతర వార్త అంటే దర్బారు వార్తే. కుండల కోసం సిరికొండకు వెళ్లే ఎడ్లబండి ఒక వాక్యంలో వచ్చిపోతుంది. ఆ బండి ప్రయాణమే జాతరను నిలబెట్టే ఏర్పాటుకు మంచి నమూనా అని నాకనిపిస్తుంది. ఎందుకో చివర్లో చెబుతాను.

ఇప్పుడు కాస్త దూరం వెళదాం. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో యంత్రాల మీద విసుగు పుట్టింది. ఫ్యాక్టరీ వస్తువు అందాన్నీ, పనివాడి సంతోషాన్నీ చంపేస్తోందని విలియం మోరిస్ వంటివారు వాదించారు. చేతిపనికి మళ్లీ గౌరవం తేవాలని కళలు–చేతిపనుల ఉద్యమం నడిచింది. ఆ పేరుతో ప్రదర్శన సంఘం 1887లో ఏర్పడింది. ఈ ఉద్యమం ఆదర్శం కోసం వెతికినప్పుడు దానికి దొరికినవారిలో భారతీయ గ్రామ కుమ్మరి ఒకడు. జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో భారతీయ చేతిపనుల మీద రాసిన పుస్తకంలో ఊరి బయట సారె ముందు కూర్చున్న కుమ్మరిని ఎంతో ప్రేమగా వర్ణించాడు. ఆనంద కుమారస్వామి 1909లో భారతీయ చేతివృత్తులవారి మీద పుస్తకం తెచ్చాడు. దానికి ముందుమాట రాసింది ఆ ఉద్యమంలో పెద్దపేరు సి.ఆర్. ఆష్‌బీ. 1886లో లండన్‌లో జరిగిన వలస రాజ్యాల ప్రదర్శనకు ఆగ్రా నుంచి బక్షీరాం అనే కుమ్మరిని తీసుకెళ్లారు. వందేళ్లు దాటినవాడని చెప్పేవారు. ఆగ్రా జైలులో పని నేర్చిన చేతివృత్తులవారి బృందంతో ఆయన వెళ్లాడు. జనం ముందు సారె తిప్పి చిన్న చిన్న పాత్రలు చేసి చూపించాడు. విక్టోరియా రాణి రుడాల్ఫ్ స్వొబొడా అనే చిత్రకారుడితో ఆయన బొమ్మ వేయించుకుంది. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది.

అదే కాలంలో బొంబాయి చిత్రకళా పాఠశాలలో మరో ప్రయోగం జరిగింది. జాన్ గ్రిఫిత్స్ తన విద్యార్థులతో 1872 నుంచి అజంతా చిత్రాలకు నకళ్లు వేయించాడు. అజంతా అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. అంటే ఆదిలాబాదు, కరీంనగరు ఏ రాజ్యంలో ఉన్నాయో ఆ రాజ్యంలోనే. ఆ గుహల బొమ్మలు బొంబాయిలో గాజుపూత (మంటలో కరిగి గాజులా పట్టే పొర) వేసిన కుండల మీదికి ఎక్కి, విలాయతీ ప్రదర్శనలకు వెళ్లాయి. గుడి గోడ మీది బొమ్మ అలమారాలో పెట్టుకునే పాత్రకు అలంకారమైంది.

ఈ మెప్పు అబద్ధమని నేను అనను. చేతిపనికి విలువ ఉందని చెప్పిన మనుషులు వాళ్లు. కుమారస్వామికి మనం రుణపడి ఉన్నాం. కానీ ఆ చూపుకు ఒక హద్దు ఉంది. ప్రదర్శనకు పోవాలంటే వస్తువు ప్రయాణం తట్టుకోవాలి, ఏళ్ల తరబడి అలాగే ఉండాలి. గాజుపూత తట్టుకుంటుంది. పసుపు తట్టుకోదు, వేపమండ తట్టుకోదు, దీపం తట్టుకోదు. కాబట్టి ప్రదర్శనశాల సింధు, ముల్తాన్ గాజుపూత పాత్రలను ఏరుకుంది. మామూలు ఎర్రకుండ దగ్గరికి వచ్చేసరికి ఆకారాన్ని మెచ్చుకుంది, సారె తిప్పే చేతిని మెచ్చుకుంది. కుండను దేవతకు తగినదిగా మార్చే ఆడవాళ్ల పని లెక్కలోకే రాలేదు. దక్షిణ భారత కులాల మీద థర్‌స్టన్, రంగాచారి 1909లో తెచ్చిన ఏడు సంపుటాలు, నిజాం రాజ్యం మీద సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ 1920లో తెచ్చిన గ్రంథం ఈ తంతులను కులాచారాలుగా నమోదు చేశాయి. ఒక అరలో వస్తువు, ఇంకో అరలో ఆచారం. రెండూ ఒకటే అన్న సంగతి మధ్యలో జారిపోయింది.

ఇంగ్లండు చేతిపనుల ఉద్యమంలోనే ఈ రెండిటినీ కలపడానికి దగ్గరగా వచ్చిన పని ఒకటుంది. సర్రే ప్రాంతంలో కాంప్టన్ అనే పల్లె. చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ భార్య మేరీ వాట్స్ అక్కడి శ్మశానానికి ఒక ప్రార్థనామందిరం కట్టాలనుకుంది. 1895లో పల్లెవాళ్లకు సాయంత్రాలు మట్టిపని నేర్పడం మొదలుపెట్టింది. మట్టి వాళ్ల ఇంటి నేలదే. అలవాటులేని చేతులే దేవదూతల ముఖాలు, తీగలు, గుర్తులు మట్టిపలకల మీద చెక్కాయి. 1898లో మందిరం ప్రతిష్ఠ జరిగింది. లోపలి అలంకరణ 1904లో పూర్తయింది. అక్కడ నేర్చుకున్నవారితో కుమ్మరి సంఘం ఏర్పడి దశాబ్దాలపాటు నడిచింది. ఊరి మట్టి, ఊరి చేతులు, చావుకు సంబంధించిన దైవకార్యం. ఇంతవరకు మన పల్లెకూ కాంప్టన్‌కూ పోలిక కుదురుతుంది. తేడా ఎక్కడంటే, అక్కడ అలంకారాన్ని మట్టిలోనే చెక్కి మట్టితోపాటు కాల్చారు. ఒకసారి కాలాక అది శాశ్వతం. మందిరం పూర్తయిన రోజున ఆ మందిరానికి కావలసిన మట్టిపని కూడా పూర్తయింది. సంఘం బతకడానికి తోట కుండీలు, సమాధి ఫలకాలు చేసి అమ్మాల్సి వచ్చింది. ఇక్కడ అలంకారం కాల్చిన తరువాత వస్తుంది, పండగతో పోతుంది. వచ్చే ఏడు మళ్లీ కుండ కావాలి, మళ్లీ పసుపు కావాలి.

మళ్లీ ఎందుకు కావాలి? పాత కుండనే కడిగి వాడుకోవచ్చు కదా? ఇక్కడ ఆ రంధ్రాలు తిరిగి వస్తాయి. మట్టికుండలో ఒకసారి అన్నం వండితే గంజి, నూనె గోడలోకి ఇంకుతాయి. ఎంత తోమినా పూర్తిగా పోవు. కాబట్టి వాడిన కుండ ఎంగిలి. దేవుడికి కొత్తది కావాలి. లోహానికి రంధ్రాలు లేవు. చింతపండుతో తోమితే ఇత్తడి మళ్లీ శుద్ధి. పెళ్లికీ, చావుకీ, జాతరకీ, బోనానికీ కొత్త కుండ అన్న నియమం వల్లే కుమ్మరికి ఏటా పని దొరికింది. ఆ పనికి పంట కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు.

ఇప్పుడు స్టీలు బిందె వచ్చినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మొదటిది, అది ప్రతి ఏడూ కొనక్కరలేదు. ఒకసారి కొంటే ఇరవై ఏళ్లు. కుమ్మరి ఇంటికి వెళ్లే దారి అక్కడితో తెగుతుంది. రెండోది, స్టీలు మీద పసుపు నిలవదు. నీళ్లు ఇంకే రంధ్రాలు లేవు కాబట్టి పూత ఆరి పొలుసులుగా రాలుతుంది. అందుకని స్టిక్కర్లు, అద్దాలు, మెరుపు కాగితాలు అంటిస్తారు. ఎనామిల్ రంగు వేస్తారు. అంటే పాత్ర మారితే దాని మీది ఆడవాళ్ల పని కూడా మారిపోతుంది. దుకాణంలో అలంకరించి అమ్మే బోనం ఈ మార్పుకు చివరి మెట్టు. అక్కడ ఇంటి చేతికి పనే లేదు.

బరువు, పగిలిపోతుందన్న భయం, కట్టెల పొయ్యి లేని క్వార్టరు ఇల్లు, ఇవన్నీ నిజమైన కారణాలు. నెత్తిన బోనంతో వానలో గంటసేపు నిలబడే స్త్రీ తేలికైన బిందె ఎంచుకుంటే ఆమెను తప్పుపట్టేదేమీ లేదు. కానీ ఎనామిల్ రంగు గురించి మాత్రం తెలుసుకోవాలి. పాతకాలపు ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు రంగుల్లో, సీసం వాడేవారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంట్లో వాడే, అలంకారానికి వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని కేంద్రం 2016లో నియమాలు తెచ్చింది. 2017 నవంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. డబ్బా మీద ఆ వివరం ఉండాలి. బోనం కుండకు ఏ డబ్బా రంగు వేశారో కొనేవారికి కనబడదు. పైగా రంగు వేసిన కుండను పొయ్యి మీద పెడితే ఆ పొర మాడి పొగ వస్తుంది. కుండగోడలోని తడి ఆవిరై బయటికి రాబోతే రంగు పొర అడ్డుపడి, ఉబ్బి రాలుతుంది. రాలేది అన్నం దగ్గరే. రంగు వేసిన కుండే దొరికితే దానిలో వండవద్దు. వండిన అన్నాన్ని వేరే గిన్నెలో పెట్టి ఆ గిన్నెను కుండలో నిలపవచ్చు.

మట్టికుండ తగ్గడానికి ఇంకో కారణం ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆషాఢ శ్రావణాలు వానకాలం. కుండకు కావలసింది ఎండ. ఆరని కుండను ఆవంలో పెడితే గోడలో చిక్కుకున్న నీరు ఒక్కసారిగా ఆవిరై కుండ పేలుతుంది. తడిసిన కట్టె సరిగా మండదు. ఆవం మీద వాన పడితే ఆ విడత అంతా పోయినట్టే. కాబట్టి బోనాలకు కావలసిన కుండలను ఫాల్గుణం నుంచి వైశాఖం లోపలే చేసి, కాల్చి, దాచిపెట్టాలి. మట్టి, కట్టె, కూలి ఖర్చులు ఎండకాలంలో పెట్టాలి. డబ్బు వానకాలంలో వస్తుంది. ఈ రెండు మూడు నెలల పెట్టుబడిని ఎవరు మోయాలి? పూర్వం ధాన్యం కొలిచిన ఊరు మోసేది. ఇప్పుడు కుమ్మరి ఒక్కడే మోయాలి. ఎన్ని అమ్ముడవుతాయో తెలియకుండా మోయాలి. స్టీలు దుకాణదారుకు ఈ ఇబ్బంది లేదు. మిగిలిన బిందె వచ్చే ఏడు అమ్ముడవుతుంది, మామూలు రోజుల్లోనూ అమ్ముడవుతుంది.

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది. శరీర శ్రమ తగ్గింది, అది మంచిదే. అయితే సారె మీద కుండకు పట్టేది కొన్ని నిమిషాలు. ఆరడానికి రోజులు పడుతుంది. ఎండకూ, ముందస్తు పెట్టుబడికీ కరెంటు సారె దగ్గర జవాబు లేదు.

నాగోబా జాతర ఏర్పాటు నమూనా అని నేనన్నది అందుకే. పుష్యం చలికాలం, ఎండిన కాలం. కుండలు ముందుగా చెప్పి చేయిస్తారు. ఏ ఇల్లు చేయాలో తెలుసు, ఎవరికోసమో తెలుసు, ఎప్పటికి కావాలో తెలుసు. మిగిలిపోయే సరుకు లేదు. శ్రీరాంపూర్ వంటి కాలనీలో ఈ పద్ధతి పెట్టుకోవడం కష్టమేమీ కాదు. బోనాల కమిటీ ఎలాగూ ప్రతి ఇంటి నుంచి చందా వసూలు చేస్తుంది. ఎన్ని ఇళ్లు బోనం తీస్తాయో వాళ్లకు తెలుసు. ఆ లెక్కను ఉగాదికే ఒక కుమ్మరి ఇంట్లో చెప్పి, సగం డబ్బు ముందిస్తే, కుండలు చైత్ర వైశాఖాల ఎండలో తయారవుతాయి. ఎవరి కుండ వారింటికి ఉత్తగా, రంగులేకుండా రావాలి. మిగతా పని ఇంట్లోవాళ్లది.

కొనేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వేలి కణుపుతో తడితే కుండ ఖంగుమనాలి. మొద్దుగా పలికితే లోపల పగులుందని అర్థం, లేదా సరిగా కాలలేదు. తెచ్చిన వెంటనే పొయ్యి ఎక్కించవద్దు. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరనిచ్చి, గంజి పోసి సన్నని సెగ మీద కాచాలి. గంజి రంధ్రాలను కొంత పూడ్చి గోడను గట్టిపరుస్తుంది. పసుపును కుండ చల్లారాకే పూయాలి. వేడి గోడ మీద నీరు ఇంకకముందే ఆవిరై పూత రాలిపోతుంది. సున్నం చుక్కలు పసుపు పచ్చిగా ఉండగా పెడితే అంచు ఎర్రబడుతుంది, ఆరాక పెడితే తెల్లగా నిలుస్తుంది. వానలో నడవాల్సి వస్తుందనుకుంటే సున్నం చుక్కలు ఒక పూట ముందే పెట్టుకోవడం మేలు. గాలి తగిలి గట్టిపడటానికి సున్నానికి ఆ మాత్రం సమయం కావాలి.